తిరగేసి చూస్తే

సొసైటీ ఎన్నిక ఈసారి ఫోన్లోనే అన్నారు.
సీతారాంపురంలో, లక్ష్మణేశ్వరంలో, దర్భరేవులో
అరుగుల మీద, నులకమంచాల మీద
లేసు ఒళ్ళోంచి దించకుండానే
ఎడంచేత్తో ఓటేశాం.
నాలుగంకెలొచ్చాయి, కొట్టాం.
పచ్చగా ఒక టిక్కు పడింది.
అంతే.

పోయినసారి బిస్కట్ల డబ్బా.
మూతకి చీలిక కోసి, లక్క వేసి
నర్సాపురం ఆఫీసు బల్ల మీద పెట్టారు.
పొద్దుణ్ణించి దాన్నే చూస్తూ కూచున్నా,
పొయ్యిమీద పాలు కాసినట్టు.
సాయంత్రం చాప మీద గుమ్మరించి
ఒక్కో చీటీ విప్పి, పైకెత్తి, పేరు చదివితే
కిటికీలోంచి తొంగిచూసే టీ కుర్రాడికి కూడా
లెక్క తెలిసింది.

ఇప్పుడు నాలుగు నిమిషాల్లో ఫలితం.
నూలు ఏజెంటు వీరభద్రం మనిషి గెలిచాడు.
చప్పట్లు.

"నా ఓటు చూపించు బాబూ" అన్నాను
కంప్యూటరు కుర్రాడు సుహాస్‌ని.
"చూపిస్తే రహస్యం పోతుంది కదా ఎప్సిబా ఆంటీ."
"చూపించకపోతే నమ్మకం పోతుంది కదా నాన్నా."
వాడు నవ్వలేదు.
అందుకే వాడంటే నాకు కొంచెం గురి.

ముందురోజు రాత్రి వీరభద్రం గుమస్తా
ఇల్లిల్లూ తిరిగిన సంగతి వాడికి తెలీదు.
"వేసినాక ఫొటో తీసి పంపండి,
పంపినవాళ్ళకే సోమవారం నూలు."
పూర్వం ఆ గోనెపట్టా వెనక
మా ఆయనకి కూడా కనపడని రెండు నిమిషాలుండేవి నాకు.
ఇంట్లో ఫోనుకి పట్టా ఎవరు కడతారు?
సాక్ష్యం నా చేతికి రావాలి.
నా చేతిలోంచి ఇంకొకడు గుంజుకునేలా ఉండకూడదు.
చెప్పడం తేలికే. అల్లి చూడు.

మర్నాడు సుహాస్ గోడకి కాగితాలంటించాడు.
ఓటుకో వరస,
అక్షరాలూ అంకెలూ కలగలిపిన చిక్కు.
"మీ వరస ఉందో లేదో చూసుకోండి.
లోపలేముందో బయటికి తెలీదు.
మధ్యలో ఒక్కటి మార్చినా
కిందవన్నీ చెదిరిపోతాయి" అన్నాడు.
అది నాకు చెప్పక్కర్లేదు.
నలభయ్యేళ్ళుగా గొలుసుకుట్టే కుడుతున్నా.
నడిమధ్య ఒక్క ముడి మార్చాలంటే
అంచు దాకా విప్పుకు రావాల్సిందే.

నా వరస ఉంది. వేలు పెట్టి చూసుకున్నా.
అయినా లేసు మంచిచెడ్డా
ముందువైపు చూసి ఎవరు చెప్పగలరు?

నేనూ, కేజియా, కుంటుకుంటూ వచ్చిన రాఘవమ్మా
గడపగడపా తిరిగాం.
"ఎవరికేశావ్" అనలేదు.
"వేశావా" అన్నాం, అంతే.
పంటు దాటి సఖినేటిపల్లి వెళ్ళాం,
కువైట్లో ఉన్న ముగ్గురికి ఫోన్ చేశాం.
వేశామన్న ప్రతి మనిషికీ
దారానికో ముడి.
ఐదువందల ముప్పై ఎనిమిది ముడులు.
గోడ మీద ఐదువందల నలభై ఒక్క వరసలు.

"సర్వరు తప్పు చెప్పదాంటీ" అన్నాడు సుహాస్ ముందు.
మూడుసార్లు లెక్కపెట్టుకున్నాక, చిన్నగా,
"చెప్పించొచ్చు."

నలభై ఓట్ల తేడాతో గెలిస్తే
మూడింటికింత రాద్ధాంతమా అన్నాడు వీరభద్రం.
మూడు దొరికాయి కాబట్టి మూడంటున్నాం.
దొరకనివి ఎన్నో నువ్వు చెప్పు.
ఆషాఢంలో పోయిన చిట్టెమ్మ ఫోను
ఎవరి దగ్గరుందో కూడా చెప్పు.
చెప్పలేదు.
సోమవారం నూలూ రాలేదు.

అర్జీ రాయించి భీమవరం పట్టుకెళ్ళాం.
ముడుల దారం ఉండచుట్టి
కాగితానికి పిన్ను గుచ్చి జతచేశాం.
దాన్ని ఏ ఫైల్లో పెట్టాలో తోచక
అక్కడి గుమస్తా అటూ ఇటూ చూశాడు,
కళ్ళజోడు పెట్టుకున్నాడు,
తిరగేసి కూడా చూశాడు.